ఆకుపచ్చ త్రికోణం నీటికి వర్తిస్తుందా? సూక్ష్మ జలచరాలపై రసాయనాల విషతీవ్రత పరీక్షలు

హైదరాబాదులోని అబిడ్స్, నాంపల్లి ప్రాంతాలు మూసీ నదికి ఉత్తర దిశలో ఉన్నాయి. ఆ వీధులపై కురిసిన వాననీరు నాలాల గుండా చివరకు మూసీని చేరుతుంది. వాహనాల నూనె, దుకాణాల వ్యర్థాలు, దోమల నివారణకు చల్లిన మందుల అవశేషాలు కూడా ఆ నీటితోపాటే ప్రవహిస్తాయి. నగరం దాటిన మూసీ దిగువ జిల్లాల వరి మడులను తడిపి, వాడపల్లి వద్ద కృష్ణానదిలో సంగమిస్తుంది. అందువల్ల నగర కాలుష్యం వ్యవసాయ శాస్త్రజ్ఞులకు పరాయి విషయం కాదు.

నీటిలో ఏయే రసాయనాలు ఎంతెంత ఉన్నాయో రసాయన విశ్లేషణ తెలుపుతుంది. అయితే అవన్నీ కలిసినప్పుడు జీవికి ఏమవుతుందో అది తెలుపజాలదు. ఆ ప్రశ్నకు సమాధానం జీవిని అడిగి తెలుసుకోవలసిందే. సూక్ష్మ జలచరాలతో చేసే జీవపరీక్షల ప్రయోజనం ఇదే.

ఈ పరీక్షలలో ప్రసిద్ధమైనది డాఫ్నియా పరీక్ష. డాఫ్నియా రొయ్య జాతికి దూరపు బంధువైన మంచినీటి క్రస్టేషియన్. అది శైవలాలను వడగట్టి తింటుంది. తాను చేపపిల్లలకు ఆహారమవుతుంది. ఓ.ఇ.సి.డి. 202వ మార్గదర్శకం ప్రకారం పుట్టి 24 గంటలు నిండని పిల్లలను మాత్రమే పరీక్షకు తీసుకోవాలి. కనీసం ఐదు గాఢతలు ఉండాలి. ఒక్కొక్క గాఢతకు కనీసం 20 జీవులను, వీలైతే ఐదేసి చొప్పున నాలుగు పాత్రలలో ఉంచాలి. ఉష్ణోగ్రత 18–22 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. పరీక్షాకాలంలో ఆహారం ఇవ్వరాదు. 48 గంటల తరువాత పాత్రను మెల్లగా కదిపినప్పుడు 15 సెకండ్లలోపు ఈదలేని జీవిని చలనరహితమైనదిగా లెక్కిస్తారు. సగం జీవులను చలనరహితం చేసే గాఢతను ఇ.సి. 50 అంటారు. ఈ విలువ ఎంత తక్కువైతే విషతీవ్రత అంత ఎక్కువ. రసాయనం కలపని నియంత్రణ పాత్రలలో పది శాతానికి మించి జీవులు చలనం కోల్పోతే ఆ పరీక్ష చెల్లదు.

జీవపరీక్ష ఎంతటి సత్యాన్ని వెల్లడించగలదో మన పటాన్‌చెరు ఉదంతమే నిదర్శనం. అక్కడ సుమారు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం నుండి వెలువడిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించారు. 2009లో వెలువడిన మరొక అధ్యయనంలో, ఆ శుద్ధిజలాన్ని 500 రెట్లు పలుచన చేసినప్పటికీ కప్ప డింభకాల పెరుగుదల 40 శాతం తగ్గింది. శుద్ధి జరిగినదన్న మాటకూ, నీరు నిరపాయకరమైనదన్న మాటకూ మధ్య ఎంత దూరమున్నదో ఆ డింభకాలు చూపాయి.

మన దేశపు పర్యావరణ పరిరక్షణ నియమాలలోనూ జీవపరీక్షకు స్థానమున్నది. పలుచన చేయని వ్యర్థజలంలో 96 గంటల తరువాత 90 శాతం చేపలు బ్రతికి ఉండాలన్నది సాధారణ ప్రమాణం. అయితే చేప తట్టుకున్న నీటిని క్రస్టేషియన్ తట్టుకోగలదన్న హామీ లేదు. అనేక కీటకనాశనులు కీటకాల వంటి సంధిపాద జీవులైన డాఫ్నియాలను చేపలకన్నా ఎంతో తక్కువ మోతాదులోనే దెబ్బతీస్తాయి.

విస్తరణ శాస్త్రవేత్తలు ప్రత్యేకంగా గమనించవలసిన అంశం మరొకటి ఉన్నది. పురుగుమందు డబ్బాపై ఉండే త్రికోణపు రంగు క్షీరదాలపై విషతీవ్రతను అనుసరించి నిర్ణయమవుతుంది. నోటి ద్వారా ఎల్.డి. 50 విలువ కిలో శరీర బరువుకు 5000 మిల్లీగ్రాములు మించితే ఆకుపచ్చ త్రికోణం లభిస్తుంది. అది మందు చల్లే మనిషికి సంబంధించిన సమాచారం. మడిలోని నీటికి సంబంధించినది కాదు.

వరిలో కాండం తొలుచు పురుగుకు వాడే క్లోరాంట్రానిలిప్రోల్‌ను ఉదాహరణగా తీసుకుందాం. దీని త్రికోణం ఆకుపచ్చనిదే. కాని డాఫ్నియాకు దీని 48 గంటల ఇ.సి. 50 లీటరుకు సుమారు 12 మైక్రోగ్రాములు మాత్రమే. 0.4 శాతం గుళికలను ఎకరానికి 4 కిలోలు వేస్తే 16 గ్రాముల అసలు మందు మడిలో పడుతుంది. 5 సెంటీమీటర్ల లోతున నిలిచిన నీరు ఎకరానికి సుమారు 2 లక్షల లీటర్లు. మందు పూర్తిగా నీటిలో కరిగినదనుకుంటే గాఢత లీటరుకు సుమారు 80 మైక్రోగ్రాములు, అనగా ఇ.సి. 50కి దాదాపు ఏడు రెట్లు. మట్టి కొంత మందును పట్టి ఉంచుతుంది, సూర్యరశ్మి కొంత విచ్ఛిన్నం చేస్తుంది. కనుక వాస్తవ గాఢత ఇంతకన్నా తక్కువే ఉంటుంది. అయినా హెచ్చరికగా ఈ లెక్క చాలు.

ఆ నీరు గండిపడి చెరువులో చేరితే చేప వెంటనే చావకపోవచ్చు. కాని బొచ్చె వంటి చేపలకు జంతుప్లవకాలే ప్రధాన ఆహారం. ప్లవకాలు నశించిన చెరువులో వదిలిన చేపపిల్ల విషంతో కాక ఆకలితో క్షీణిస్తుంది. నష్టానికి కారణమేమిటో మత్స్యకారునికి అంతుపట్టదు.

డాఫ్నియా ఒక్కటే సర్వజీవులకు ప్రతినిధి అనుకోవడమూ పొరపాటే. ఇమిడాక్లోప్రిడ్‌కు డాఫ్నియా మాగ్నా ఇ.సి. 50 లీటరుకు సుమారు 85 మిల్లీగ్రాములు. ఆ సంఖ్యను మాత్రమే చూస్తే మందు నిరపాయకరమనిపిస్తుంది. కాని కైరోనమస్ వంటి నీటి కీటకాల డింభకాలు లీటరుకు కొద్ది మైక్రోగ్రాములకే చనిపోతాయి. పైగా ప్రామాణిక పరీక్ష 20 డిగ్రీల వద్ద జరుగుతుంది. మన మడులలో నీరు తరచుగా 30 డిగ్రీలు దాటుతుంది. అందుచేత మన చెరువులలో లభించే మొయినా, సీరియోడాఫ్నియా జాతులతో, మన ఉష్ణోగ్రతల వద్ద పరీక్షలు జరపడం అవసరం.

ఇందుకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. గాజు బీకర్లు, సూక్ష్మదర్శిని, ఆరోగ్యవంతమైన జీవుల పెంపకం, ఓపిక ఉంటే చాలు. అబిడ్స్ సమీపంలోని నిజాం కళాశాల, నాంపల్లిలోని వనితా మహావిద్యాలయం వంటి సంస్థల విద్యార్థులు తొలకరి వాననాటి నాలా నీటిని, నెల తరువాతి నీటిని పలుచన శ్రేణులలో పోల్చి చూడవచ్చును. నగరం మూసీకి ఏ ఋతువులో ఎంత విషం పంపుతున్నదో ఆ బీకర్లే చెప్పగలవు.

రైతుకు చెప్పవలసిన మాటలు స్వల్పమే. గుళికలు వేసే ముందు గట్లు సరిచూసుకోవాలి. వేసిన తరువాత కొన్ని రోజులపాటు మడి నీటిని బయటకు వదలరాదు. భారీ వాన సూచన ఉంటే మందు వేయడం వాయిదా వేయాలి. డబ్బాలను, పిచికారి యంత్రాలను కాలువలో కడుగరాదు. త్రికోణపు రంగును వివరించేటప్పుడు అది ఎవరి క్షేమాన్ని తెలుపుతుందో, ఎవరి క్షేమాన్ని తెలుపదో కూడా వివరించాలి.