పాలు మాన్పించిన పందిపిల్లలకు పారుడు రాకుండ దాణా

తల్లిపాలు మాన్పించిన తొలి రెండు వారములు పందిపిల్లలకు గండము. పాలలోని చక్కెర పులిసి పిల్ల కడుపులో ఆమ్లమును నిలుపును. పాలు ఆగగానే ఆ పులుపు తగ్గును. దాణాలోని మాంసకృత్తులు సరిగా అరుగవు. క్రిములు పెరిగి పారుడు పట్టును, ఎదుగుదల నిలిచిపోవును.

అందుచే 100 కిలోల దాణాలో 1 నుండి 2 కిలోల నిమ్మ ఉప్పును, అనగా సిట్రిక్ ఆమ్లమును, బాగుగా కలుపవలెను. లవణ మిశ్రమము మరువరాదు. పాలు త్రాగు దినములలోనే దాణాను కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను. మాన్పించిన పిమ్మట హఠాత్తుగా మార్చరాదు. శుభ్రమైన నీరు ఎల్లవేళల అందుబాటులో నుంచవలెను.

పారుడు కనిపించినచో పశువైద్యునికి చూపవలెను. క్రిమినాశక మందులను దాణాలో మీకై మీరు కలుపరాదు. పశువులకు కొలిస్టిన్ మందు వాడకమును 2019లో మన దేశమున నిషేధించిరి. మందుకు లొంగని క్రిములు పుట్టినచో మనుష్యుల ప్రాణములకే ముప్పు.