భూకంపం తర్వాత చర్పి ఎక్కడ? ఖాట్మండులో నేను నేర్చుకున్నది

ఈ రోజు మాట్లాడుకోబోయేది భోజనాల దగ్గర మాట్లాడుకునే విషయం కాదు. తింటూ చూస్తుంటే మాత్రం కాస్త ఆగి, తర్వాత చూడండి. విషయం ఏంటంటే, మరుగుదొడ్లు. నేపాలీలో చర్పి అంటారు.

2015 ఏప్రిల్ 25, శనివారం. మధ్యాహ్నం 11:56కి నేపాల్‌లో 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. దాదాపు 9 వేలమంది చనిపోయారు. మే మొదటి వారంలో మేం నలుగురం స్నేహితులం గోరఖ్‌పూర్ దాకా రైల్లో, అక్కణ్ణించి సునౌలి సరిహద్దు దాటి బస్సులో ఖాట్మండు వెళ్ళాం. బియ్యం పంచుతాం, దుప్పట్లు పంచుతాం అనుకుని వెళ్ళాం. అక్కడ మాకిచ్చింది పార, పలుగు. పటన్ వైపు ఒక మైదానంలో టార్పాలిన్ల కింద సుమారు 400 మంది ఉన్నారు. వాళ్ళకి చర్పిలు తవ్వాలి.

"చాలా ఇళ్ళు నిలబడే ఉన్నాయి కదా, వాళ్ళ బాత్రూంలే వాడుకోవచ్చుగా?" అని మీరడగొచ్చు. నేనూ అదే అడిగాను. గోడలు బీటలు వారాయి, రోజూ భూమి కదులుతూనే ఉంది. అయిదు నిమిషాలు లోపలికెళ్ళాలన్నా ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని వెళ్ళాలి. పైగా కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే ట్యాంకులో నీళ్ళు లేవు. పల్లెలో అయితే పొలం గట్టుంటుంది. సిటీలో ఎక్కడికెళ్తారు?

ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. సిటీలో మంచినీళ్ళ పైపూ, మురుగు పైపూ చాలాచోట్ల ఒకే వీధి కింద దగ్గర దగ్గరగా పోతాయి. నేల కదిలితే రెండూ పగలొచ్చు. సరఫరా ఆగి మంచినీళ్ళ పైపులో ఒత్తిడి పోతే, చుట్టూ ఉన్న మురుగు అందులోకి చేరుతుంది. అక్కడ జూన్‌లో వానలు మొదలవుతాయి. వానలతో విరేచనాలు, కలరా, కామెర్లు. కామెర్లలో హెపటైటిస్-ఇ అనే రకం గర్భిణులకి ప్రాణాంతకం కావచ్చు. అంటే వానలొచ్చేలోపు పని అయిపోవాలి.

సహాయ శిబిరాలకి స్ఫియర్ ప్రమాణాలని కొన్ని లెక్కలున్నాయి. మొదట్లో 50 మందికి ఒక దొడ్డి, వీలైనంత త్వరగా 20 మందికి ఒకటి. బావికి 30 మీటర్ల దూరం ఉండాలి, గుడారానికి 50 మీటర్లు దాటకూడదు. మేం 8 తవ్వాం. 400 మందికి 8, లెక్క సరిపోయింది. కాకపోతే వాసన రాకూడదని మైదానం చివర, గోడ వెనకాల పెట్టాం. తలుపు బదులు టార్పాలిన్ కట్టాం. ఫొటోలు కూడా దిగాం.

మూడు రోజులైనా గోతులు నిండట్లేదు. మేం గట్టిగా తవ్వామని సంబరపడ్డాం! అప్పుడు ఒక పెద్దావిడ, అందరూ ఆమా అని పిలిచేవాళ్ళు, నన్ను పిలిచి హిందీలో చెప్పింది. "బాబూ, అక్కడ దీపం లేదు, గడియ లేదు. రాత్రి లేవాల్సొస్తుందని ఆడవాళ్ళం సాయంత్రం నుంచీ నీళ్ళు తాగట్లేదు." ఆవిడ కోడలికి ఏడో నెల. జ్వరం, మూత్రంలో మంట. నీళ్ళు తాగక, ఆపుకుని ఆపుకుని వచ్చిన ఇన్ఫెక్షనని డాక్టరు చెప్పారు. అదృష్టం బాగుండి మందులతో తగ్గింది. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండీ. తవ్వేముందు ఒక్క ఆడమనిషిని కూడా మేం అడగలేదు.

మర్నాడు ఆమాని వెంటబెట్టుకుని మైదానమంతా తిరిగాం. ఆవిడ చూపించిన చోట, గుడారాలకి దగ్గర్లో, ఆడవాళ్ళకి విడిగా మళ్ళీ తవ్వాం. రేకు తలుపులు, లోపల గడియ, సోలార్ దీపం, బయట నీళ్ళ డ్రమ్ము, సబ్బు. నెలసరి గుడ్డలకి మూత ఉన్న బకెట్టు.

మే 12న 7.3 తీవ్రతతో మళ్ళీ వచ్చింది. ఇళ్ళకి వెళ్ళినవాళ్ళు కూడా తిరిగి మైదానానికి పరిగెత్తుకొచ్చారు. జనం రెట్టింపయ్యారు. రెండు రోజుల్లో దొడ్లు కాలు పెట్టలేనట్టు తయారయ్యాయి. ఇప్పుడు కడగాలి. ఎవరు కడగాలి? తవ్వడానికి ముందుకొచ్చిన మాలో ఒక్కడూ కదల్లేదు. నేనూ కదల్లేదు. దాచుకోవడమెందుకు, ఇంట్లో ఎప్పుడూ వేరేవాళ్ళ చేత కడిగించుకుని పెరిగినవాణ్ణి. చివరికి ఆమానే చీపురు పట్టుకుని లేచింది. అది చూశాక కూర్చోలేకపోయాను. ఆ రోజు నుంచి వంతులు రాసి గోడకి అంటించాం, మొదటి పేరు నాది. కడిగినన్నాళ్ళూ జనం వాడారు.

మనకి భూకంపాలు తక్కువేమో గానీ, తుఫాన్లూ వరదలూ తక్కువేం కాదు. రేపు మీ ఊరి బళ్ళో పునరావాస కేంద్రం పెడితే, అన్నం పొట్లాలతో చాలామంది వస్తారు. మీరు మాత్రం ఒక టార్చి, గడియలు, బ్లీచింగ్, చీపురు పట్టుకెళ్ళండి. ముందు అక్కడున్న ఆడవాళ్ళని అడగండి. దొడ్డి కట్టడం ఒక్కరోజు పని. దాన్ని రోజూ వాడుకునేలా ఉంచడమే అసలు సేవ.