దీర్ఘశాంతము



"వానికి ముక్కుమీదనే కోపము" అనుట మా కోస్గి చుట్టుపట్ల పల్లెలలో వాడుక. హెబ్రీ భాషలోను ఇట్టి విశేషమే గలదు. అందు ముక్కునకును కోపమునకును ఒకటే పదము. త్వరగా కోపింపనివానిని ఆ భాషలో "ముక్కు పొడవైనవాడు" అను నర్థము వచ్చునట్లు చెప్పుదురు. కోపించినవాని యూపిరి పొట్టిదై బుసకొట్టును. ఓర్చువాని యూపిరి నిడుపుగా సాగును. ఈ పోలికయే ఆ మాటకు మూలమని నాకు తోచుచున్నది.

తెలుగు బైబిలునందు ఈ గుణమునకు దీర్ఘశాంతమని పేరు. శాంతమునకు ముందు దీర్ఘ శబ్దమును చేర్చుటలోనే భావమంతయు నున్నది. కోపమే రాకుండుట దీర్ఘశాంతము కాదు. నొప్పి తగిలిన క్షణమునకును బదులు చెప్పు క్షణమునకును నడుమ కాలమును పొడిగించుటయే దీర్ఘశాంతము.

మన శతకములును పురాణములును కోపమును నిందించినవే. అయితే క్రైస్తవులు ఇందుకు చెప్పెడి కారణము వేరు. నిర్గమకాండమున దేవుడు మోషేకు తన స్వభావమును తెలుపునప్పుడు ఈ గుణమును తనదిగా చెప్పుకొనెను. దేవుడు తన తప్పుల నింతకాల మోర్చెను గనుక, తోడివాని తప్పును తానును ఓర్వవలెనని విశ్వాసి యెంచును. గొప్ప అప్పు మాఫీ పొందిన దాసుడొకడు, తనకు స్వల్పముగా బాకీయున్న తోడి దాసుని గొంతు పట్టుకొన్న కథను క్రీస్తు చెప్పినది ఇందుకే. పౌలు గలతీయులకు వ్రాసిన పత్రికలో దీనిని ఆత్మఫలములలో చేర్చెను. ఫల మన్నది ఒక్క దినమున కాయదని సేద్యగాండ్రకు వేరుగ చెప్పనేల?

ఇక అభ్యాసము. యాకోబు పత్రిక దీనిని చెవితో నారంభించి, నాలుక మీదుగా కోపమునకు తెచ్చును. నేను బడిపంతులుగా నున్న కాలమున, ఇద్దరు బాలురు తగవులాడి వచ్చినచో, ఎదుటివాడేమనెనో ముందు చెప్పుమని యొక్కొక్కని నడుగుచుంటిని. అది చెప్పునంతలో సగము కోపము దిగిపోయెడిది. గట్టు తగవులను, చెరువునీటి వంతులను తీర్చు పెద్దలకు ఈ పద్ధతి తెలియనిది కాదు.

కోపమును సూర్యాస్తమయము దాటనీయరాదని ఎఫెసీయుల పత్రికలో గలదు. ఒకచోట నిదానమును, మరియొకచోట త్వరయును చెప్పుట విరుద్ధము కాదు. కోపము వచ్చుటకు ఆలస్యమును, పోవుటకు త్వరయును కావలెను. మనము సాధారణముగా దీనిని తలక్రిందులు చేసి, క్షణములో కోపించి, తరముల పర్యంతము మోయుదుము.

ఈ బోధ మన సీమకు వచ్చిన త్రోవలలో నొకటి చెప్పెదను. 16వ శతాబ్దమున ఐరోపాలో పుట్టిన మెన్నొనైటు సంఘము పగ తీర్చుకొనరాదని, ఆయుధము పట్టరాదని బోధించినది. ఆ సంఘపు శాఖకు చెందిన అబ్రహాము ఫ్రీసెను 1889లో రష్యానుండి వచ్చి, నల్లగొండలో పనిచేసెను. 1899లో అమెరికానుండి రాసాగిన అదే శాఖవారు పిదప నాగరుకర్నూలు మొదలగు పాలమూరు ప్రాంతములలో సంఘములను నెలకొల్పిరి.

ఆ సంప్రదాయమువారు మరువని వృత్తాంత మొకటి కలదు. శీతదేశములలో చలికాలమున నీరు గడ్డకట్టగా మనుష్యులు దానిమీద నడతురు. 1569లో నెదర్లాండ్సు దేశమున డిర్కు విల్లెమ్సు అనువాడు, మతము కారణముగా చెరబడి, తప్పించుకొని అట్టి గడ్డమీదుగా పారిపోవుచుండెను. తరుముచున్నవాని కాలిక్రింద గడ్డ పగిలి, వాడు నీట మునుగజొచ్చెను. డిర్కు వెనుదిరిగి వానిని పైకి లాగి బ్రతికించెను. అందుచేతనే పట్టుబడి, ఆ యేడే సజీవదహనము పాలయ్యెను.

అన్యాయమును చూచి నోరు మూసికొనుట దీర్ఘశాంతమని భ్రమింపరాదు. 1912లో దోర్నకలు బిషప్పైన అజరయ్యగారు, అంతకు రెండేండ్ల ముందు ఎడింబరో మహాసభలో, తెల్ల మిషనరీలు భారతీయులను సమానులుగా చూడకుండుటను వారి యెదుటనే చెప్పిరి. వారి త్యాగమును మెచ్చుచునే, తమకు స్నేహము కావలెనని యడిగిరి. సత్యము దాగలేదు, మాట కాలలేదు.

పెద్దలారా, తగవు వినునప్పుడు బలవంతుడు బలహీనుని "ఓర్చుకొమ్ము" అనుటకు ఈ మాటను వాడనీయకుడు. దండింప శక్తిగల దేవుడే తన గుణముగా చెప్పుకొన్నది గదా. కావున శక్తిగలవాడే దీనిని ముందు నేర్వవలెను.