నౌకలో మేల్కొనిన ఉపాధ్యాయుడు

ఒక మనుష్యుడు దీర్ఘనిద్రనుండి మేల్కొనును. తానెవరో, ఎచ్చట నున్నాడో అతనికి జ్ఞాపకము లేదు. ప్రక్క పడకలపై ఇద్దరు మృతులై యున్నారు. చేతినుండి జారిన వస్తువు అలవాటుకంటె త్వరగా నేలను తాకుచున్నట్లు అతనికి తోచును. అమెరికా రచయిత ఆండీ వియర్ 2021లో ప్రకటించిన 'ప్రాజెక్ట్ హెయిల్ మేరీ' అను నవల యొక్క ఆరంభ మిది. కథానాయకుడగు రైలాండ్ గ్రేస్ మొదట అణుజీవశాస్త్రజ్ఞుడు, పిమ్మట బడిపిల్లలకు విజ్ఞానశాస్త్రము బోధించిన ఉపాధ్యాయుడు.

కథకు మూలము ఒక కల్పిత సూక్ష్మజీవి. అది సూర్యుని తేజస్సును హరించి, శుక్రగ్రహమునకు పోయి, అచటి బొగ్గుపులుసు వాయువు సాయముతో వృద్ధిపొందును. పరిసర నక్షత్రములును మసకబారుచుండగా, భూమికి 12 కాంతి సంవత్సరముల దూరమున నున్న టౌ సెటి మాత్రము చెక్కుచెదరక యున్నది. ఏల? తెలిసికొని రమ్మని ముగ్గురిని పంపిరి. 'రమ్మని' అనుట సరికాదేమో. నౌకలోని ఇంధనము పోవుటకే గాని తిరిగి వచ్చుటకు చాలదు.

ఇప్పుడు ఒంటరియైన గ్రేస్ చేసిన మొదటి పని మన పాఠశాలలలోనూ చేయదగినది. వస్తువులను జారవిడిచి, అవి పడు కాలమును కొలిచి, త్వరణమును లెక్కించెను. సెకనుకు సెకనుకు 15 మీటర్లు వచ్చినది. భూమిపై నది 9.8 మాత్రమే గదా! అయితే ఈ కొలత ఎంత కష్టమో గమనింపుడు. ఒక మీటరు ఎత్తునుండి పడుటకు భూమిపై 0.45 సెకను పట్టును. ఆ నౌకలో 0.37 సెకను. భేదము సెకనులో పదవవంతైనను లేదు. గడియారపు మీట నొక్కు వ్రేలి ఆలస్యమే అంతకంటె ఎక్కువ.

లోలకముతో ఈ చిక్కు తీరును. ఒక మీటరు పొడవుగల లోలకము నూరు పూర్తి డోలనములు చేయుటకు భూమిపై సుమారు 201 సెకనులు పట్టగా, 15 మీటర్ల త్వరణము గల చోట 162 సెకనులు చాలును. స్వల్ప భేదము ప్రతి డోలనముతోను కూడి కూడి 39 సెకనులైనది. వ్రేలి ఆలస్యము మొదట ఒకసారి, చివర ఒకసారి మాత్రమే కలుగును. గ్రేస్ సైతము తరువాత లోలకమునే కట్టెను. కాని అతడు వెదకినది మరియొక ప్రశ్నకు సమాధానము: ఈ బరువు ఎచ్చటినుండి వచ్చుచున్నది?

బొంగరమువలె తిరుగు నౌకలో అపకేంద్ర బలమువలన బరువు కలుగవచ్చును. అట్లైన ఇరుసునకు దగ్గరయైన కొలది బరువు తగ్గవలెను. వ్యాసార్ధము 50 మీటర్లు, అంచున త్వరణము 15 అనుకొనుడు. అయిదు మీటర్లు పైకెక్కినచో అది 13.5కు దిగును, అదే లోలకమునకు నూరు డోలనములకు 162కు బదులు 171 సెకనులు పట్టును. గ్రేస్ నౌకలో వేర్వేరు ఎత్తులలో లోలకమును ఊపి చూచెను. భేదము కనబడలేదు. సూర్యకుటుంబములో గట్టినేల గల ఏ గోళముమీదను 15 మీటర్ల త్వరణము లేదు. ఇక మిగిలినది ఒక్కటే: నౌక ఎడతెగక వేగమును పెంచుకొనుచునో, తగ్గించుకొనుచునో యుండవలెను. త్వరణము కలిగించు బరువునకును ఆకర్షణ కలిగించు బరువునకును భేదము తెలియదని ఐన్‌స్టీన్ 1907లో గుర్తించిన సంగతి ఇచట కథకు ప్రాణమైనది.

ఆ త్వరణముతో సగము దూరము వేగము పెంచి, మిగిలిన సగము తగ్గించినచో, భూమిపై 13 సంవత్సరములు గడచునప్పటికి నౌకలో నాలుగేండ్లు పూర్తికావు. మధ్యదారిలో నౌక వేగము కాంతివేగములో నూటికి 99.5 వంతులు. ఈ అంకెలు సాపేక్ష సిద్ధాంతమునుండి నేరుగా వచ్చును. ఇందు కల్పన లేదు.

కల్పన యంతయు ఇంధనములో నున్నది. ఆ సూక్ష్మజీవియే తేజస్సును ద్రవ్యముగా దాచి, కాంతిగా వెలిగ్రక్కి నౌకను త్రోయునట. ద్రవ్యమంతయు కాంతిగా మారు నిర్దుష్టమైన యంత్రమే దొరకినను, గమ్యమున ఒక కిలోగ్రాము ఆగుటకు బయలుదేరునాడు సుమారు 430 కిలోగ్రాములుండవలెను. పై తరగతి విద్యార్థులు నవలలోని అంకెలతో దీనిని పోల్చి చూడవచ్చును. రచయితను తప్పుపట్టుటకైనను లెక్క చేయవలసి వచ్చు నవలలు అరుదు.

గ్రేస్ కనుగొనునది భూమికి చేరుటకు నౌకలో నాలుగు చిన్న స్వయంచాలక యంత్రములు గలవు. అవియు కాంతిని మించి పోజాలవు. తిరుగుదారికి 12 ఏండ్లకు పైగా పట్టును. కనుక నౌక బయలుదేరిననాడు ఎనిమిదవ తరగతిలో నుండిన బాలుడు ఆ వార్త వినునాటికి నలుబదవ యేటికి సమీపించి యుండును.