చేప యూపిరి, పురుగు యూపిరి

చైత్ర వైశాఖములందు మన కుంటలలో నీరు మోకాటిలోతునకు దిగినపుడు, తెల్లవాఱుజామున గట్టుమీదికి పోయినవారికి ఒక వింత కనబడును. చేపలు గుంపులుగా నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచి గుటకలు వేయుచుండును. ప్రొద్దెక్కునప్పటికి కొన్ని వెల్లకిలబడి తేలును. ఎవరో గిట్టనివారు నీటిలో విషము కలిపిరని ఊరిలో వెంటనే మాట పుట్టును. ఈ మాటమీద తగవులు పెరిగి, చేపల గుత్తదారునకును గ్రామస్థులకును పలుకులు లేకపోయిన సందర్భములను మేమెఱుగుదుము. విషము కలుపువారు లోకమున లేరని మేము చెప్పము. కాని పెక్కుసారులు ఆ చేపలు చచ్చినది ఊపిరాడకయే.

చేపకును మనకు వలెనే ప్రాణవాయువు కావలెను. అది నీటిలో కరిగియున్న గాలినుండి దానిని గ్రహించును. పొయ్యిమీద పెట్టిన నీరు కాగకముందే గిన్నె యంచున సన్నని బుడగలు పుట్టుట అందఱును చూచినదే. నీటిలో కరిగియున్న గాలియే వేడికి నిలువలేక అట్లు బయటపడుచున్నది. ఒక లీటరు గాలిలో ప్రాణవాయువు దాదాపు 280 మిల్లీగ్రాములుండగా, 30 డిగ్రీల వేడిగల లీటరు నీటిలో ఏడున్నర మిల్లీగ్రాములకు మించి కరుగదు. ఎండ ముదిరినకొలది అదియు తగ్గును. మన ఎండలలో చేప ఎంత బీదతనమున బ్రతుకుచున్నదో దీనిని బట్టి యూహింపవచ్చును.

ఇంత స్వల్పమును పట్టుకొనుటకే దానికి మొప్పలు గలవు. చేప నోటితో నీరు త్రాగినట్లు తీసికొని మొప్పమూతల సందునుండి విడిచివేయును. నడుమ ఎఱ్ఱని దువ్వెనపండ్లవంటి పలుచని రేకులమీదుగా ఆ నీరు పాఱును. రేకులలోని నెత్తురు నీటికి ఎదురుదిక్కుగా ప్రవహించును. అందుచేత నెత్తురు రేకును దాటిపోవుచోట అప్పుడే వచ్చిన క్రొత్తనీటిని కలిసికొని, తుదివఱకు ఏదో కొంత గ్రహించుచునే యుండును. అదేచోట బొగ్గుపులుసు వాయువు నీటిలోనికి పోవును. మన ఊపిరితిత్తులు పీల్చిన గాలిలోని ప్రాణవాయువునందు నాలుగవవంతు మాత్రమే తీసికొనగా, చేప నీటిలోనిదానిలో సగమునకు మించి తీసికొనగలదు. గట్టుమీద వేసిన చేప గాలి సమృద్ధిగా నున్నను చచ్చుటకు కారణమేమనగా, నీటి ఆధారము పోయినంతనే ఆ రేకులు ఒకదానికొకటి అతుకుకొని ఎండిపోవును.

తెల్లవాఱుజాముననే ఈ కష్టమేల? పచ్చబడిన నీటిలోని నాచు పగలు ఎండ తగిలినంతసేపు ప్రాణవాయువును విడుచును, రాత్రి తానును పీల్చును. చేపలు, క్రుళ్లుచున్న ఎరువు, అడుగు బురద అన్నియు రాత్రియంతయు పీల్చుచునే యుండును. కావున సూర్యోదయమునకు ముందు నీటిలో మిగులునది అత్యల్పము. మబ్బుపట్టిన దినముల తరువాత మఱింత తక్కువ. 1369వ సంవత్సరపు శాసనముగల పోరుమామిళ్ల చెఱువు, 1970 వఱకు కర్నూలు జిల్లాలో నుండిన కంభము చెఱువు వంటివానిలో నీరు లోతుగా నున్నంతకాలము ఈ బాధ తక్కువ. చిన్నకుంటలు పట్టినవారే జాగ్రత్తపడవలెను. వేసవిలో కుంటలో పేడ వేయరాదు. చేపలు పైకి వచ్చి గుటకలు వేయుట కనబడిననాడు మేత మానవలెను. పంపుతో ఆ నీటినే తోడి ఎత్తునుండి చిమ్మునట్లు మఱల కుంటలోనే పడవేసినను మేలు కలుగును. పెద్దచేపలను పట్టి అమ్ముటకు ఆలసింపరాదు.

ఇట్టి కుంటలలోనే కొరమీనును మార్పుచేపయు హాయిగా నుండును. వానికి మొప్పలపైభాగమున గాలి నింపుకొను గదులు గలవు. నీటిపైకి వచ్చి ఒక గుటక గాలి మ్రింగి దిగిపోవును. కొరమీనును పైకి రానీయక నీటిలోనే అణచియుంచినచో చేపయైయుండియు ఊపిరాడక చచ్చును! అంగడిలో తట్టలో ప్రాణముతో కొట్టుకొనుచు అమ్ముడుపోవునది ఇదియే.

ఇక పురుగు సంగతి. సంఘ సభ్యులలో చేపలు పెంచువారు కొందఱే, పురుగుచేత నష్టపడనివారు లేరు. పురుగునకు ఊపిరితిత్తులు లేవు, ముక్కును లేదు. హిందూపురము, మదనపల్లె ప్రాంతములందు పట్టుపురుగులను పెంచువారు వాని ప్రక్కల వరుసగా తొమ్మిదేసి నల్లని చుక్కలను చూచియుందురు. అవియే ఊపిరి రంధ్రములు. ఒక్కొక్క రంధ్రమునుండి సన్నని గాలిగొట్టములు బయలుదేఱి, చెట్టువేళ్లవలె చీలి చీలి శరీరమంతట వ్యాపించును. గాలి ఆ గొట్టముల వెంట తిన్నగా కండకు చేరును. చాల పురుగులలో నెత్తురునకు ప్రాణవాయువును మోయుపని లేదు, అందుకే అది ఎఱ్ఱగా నుండదు. మిడుతను పట్టి చూచినచో పొట్ట పొంగుచు తగ్గుచు గాలిని త్రిప్పుట కనబడును. రంధ్రములకు మూతలుగూడ గలవు. ఒంటిలోని తేమ పోకుండ వానిని మూసికొనును. ఎండభూములలో పురుగు బ్రతుకుటకు ఇదియొక ఉపాయము.

వట్టినీరు ఈ రంధ్రములలోనికి సులభముగా దూఱదు, నూనె దూఱును. తొలకరి వానలకు లేచు ఎఱ్ఱ గొంగళిపురుగు రెక్కపురుగులను దీపమునకు రప్పించి, క్రింద కిరసనాయిలు కలిపిన నీటితొట్టి పెట్టుట ఇందుకే. కిలో కందులకు 5 మిల్లీలీటర్ల వేరుసెనగనూనె చొప్పున పట్టించినచో, గింజమీద అతికించిన పుచ్చుపురుగు గ్రుడ్లకు గాలి యాడక చచ్చును.

మన పెద్దలు జొన్నలు పాతరలో పోసి, గడ్డి కప్పి, మన్ను మెత్తి మూయుటలో ఇదే మర్మము గలదు. లోపల గింజయు పురుగును కలిసి ప్రాణవాయువును వాడుకొనును. నూటికి 21 పాళ్లుండునది రెండుమూడు పాళ్లకు దిగునప్పటికి పురుగు మేత మాని చచ్చును. బొగ్గుపులుసు వాయువు హెచ్చినచో ఊపిరి రంధ్రముల మూతలు తెఱచియే యుండి ఒంటిలోని తేమయు పోవును. అయితే గింజ బాగుగా ఎండి, పాతరకు చెమ్మ తగులకుండవలెను, లేనిచో బూజుపట్టును. ఆఫ్రికాలో అలసందలకొఱకు పుట్టిన మూడుపొరల గాలిచొరని సంచులును ఈ పద్ధతివే. పాతర త్రవ్వుటకు చోటులేనివారు వానిని వాడవచ్చును.

పురుగును చంపిన ఆ గాలియే పాతరలో దిగిన మనుష్యునిగూడ చంపును. బొగ్గుపులుసు వాయువు గాలికంటె బరువైనది, అడుగున నిలిచియుండును, కంటికి కనబడదు. అది నూటికి పది పాళ్లకు మించినచో కొద్ది నిమిషములలోనే స్పృహ తప్పును. పాతర మూత తీసి ఒకదినమైనను ఆఱనీయవలెను. పిమ్మట దీపము అడుగువఱకు దింపి చూడవలెను. దీపమాఱినచో ఎవరును దిగరాదు. ఆఱకున్నను నడుమునకు త్రాడు కట్టుకొని, పైన ఇద్దఱు పట్టుకొనియుండగా దిగవలెను. పాడుబడిన బావులకును ఈ జాగ్రత్తయే కావలెను. మరుగుదొడ్ల గుంటలలో మాత్రము దీపము దింపరాదు, అచ్చటి గాలి అంటుకొనును. అందు ఎవరును దిగనేరాదు. దిగినవాడు పలుకక కూలినపుడు అన్నయని, తమ్ముడని వెంటనే రెండవవాడు దూకుటచేతనే ఒకే యింటివారు ఇద్దఱు ముగ్గురు పోవుచున్నారు. పైనున్నవారు త్రాడు లాగవలెను గాని దిగరాదు.