పీతకు మేడ కట్టిన ఊరు

పొటోమాక్, రాపహానక్ నదులు చెసపీక్ అఖాతంలో కలిసే ముందు వాటి నడుమ మిగిలిన సన్నటి నేలను నార్తర్న్ నెక్ అంటారు. వర్జీనియా రాష్ట్రంలోది. వాషింగ్టన్ నుంచి కారులో రెండు రెండున్నర గంటల దారి. జార్జ్ వాషింగ్టన్ 1732లో పుట్టింది ఇక్కడే గనక, వచ్చినవాళ్లలో చాలామంది ఆ చోటు చూసి వెనక్కి తిరుగుతారు. ఇంకాస్త తూర్పుకు, నార్తంబర్లండ్ కౌంటీలోకి పోతే హారీహోగన్ అనే పల్లె ఉంది. పీతలు పట్టే తీగబోను పుట్టింది ఆ ఊళ్లో. దాన్ని తయారుచేసిన బెంజమిన్ ఎఫ్. లూయిస్ 1928లో పేటెంట్ తీసుకున్నాడు. మరో పదేళ్లు దాంతోనే కుస్తీ పట్టి 1938 నాటికి ఇప్పుడున్న రూపానికి తెచ్చాడు. చెసపీక్ నీలిపీతల్లో ఎక్కువ భాగం ఈరోజుకీ పడేది ఆ బోనులోనే.

ఇక్కడి నదులకు పోటూ పాటూ ఉన్నాయి. మన కాకినాడ తీరంతో పోలిస్తే తక్కువే. అడుగో అడుగున్నరో పెరిగి తగ్గుతుంది. పీతలవాడికి ఆ కదలిక చాలు. పీత తిండిని వెతుక్కునేది ముఖ్యంగా వాసనతో. నీళ్లు ఎటు పారితే ఎర వాసన అటు సాగుతుంది, పీత దానికి ఎదురు నడుచుకుంటూ బోను దాకా వస్తుంది.

బోనును దగ్గరగా చూస్తే గాని దాని తెలివి తెలియదు. నిడివీ వెడల్పూ రెండేసి అడుగులు, ఎత్తు కాస్త తక్కువ. కోళ్లగూళ్లకు వాడే ఆరుమూలల కన్నాల తీగతో అల్లింది. నీటి ఉరవడికి దొర్లిపోకుండా అడుగున ఇనుప కడ్డీ, ఉప్పునీటికి తీగ తొందరగా తుప్పు పట్టకుండా ఓ జింకు ముక్క. నట్టనడుమ సన్నకన్నాల ఎరగూడు. అందులో మెన్‌హేడెన్ అనే చేప కుక్కుతారు. మన కవళ్లలాగా నూనె ఎక్కువుండే చేప, కంపు కూడా అదే లెక్కలో కొడుతుంది. పక్కల్లో, అడుగును ఆనుకుని, లోపలికి పోయేకొద్దీ సన్నబడే దారులు నాలుగు.

రీడ్‌విల్ దగ్గర ఒక రేవులో ఇలా బోనును తిప్పి తిప్పి చూస్తుంటే పక్కన నిలబడ్డ పెద్దాయన తెలుగులో పలకరించారు. భీమవరం వైపు మనిషి, యాష్‌బర్న్‌లో కొడుకు దగ్గరికి వచ్చారట.

"ఇది మా కొల్లేటి మావే గదా బాబూ! వెదురు తీసేసి తీగ పెట్టారంతే."

ఆయన అన్నది సగం నిజం. లోపలికి రానిచ్చి బయటికి పోనివ్వని దారి మావుకూ ఉంది, లోకంలో చాలా దేశాల బుట్టలకూ ఉంది. లూయిస్ ఘనత మిగతా సగంలో ఉంది. లోపల చిక్కిన నీలిపీత బయటపడాలనుకున్నప్పుడు వచ్చిన దారి వెతకదు, పైకి ఈదుతుంది. ఆయన ఆ గుణాన్ని కనిపెట్టి, బోను మధ్యలో వంపు తిరిగిన తీగతెర బిగించి, అందులో చీలికలు వదిలాడు. తప్పించుకుందామని పైకి లేచిన పీత ఆ చీలికలోంచి పై అరలోకి పోతుంది. ఇక్కడి జాలర్లు ఆ రెండు అరలనూ కింది గది, మేడ అనే పిలుస్తారు. మేడమీద తిండి లేదు, దారీ లేదు. కింది గది ఖాళీ అయింది గనక కొత్త పీతకు చోటుంటుంది.

"మేడెక్కింది మళ్లీ కిందికి దిగదా?"

"ఒకటీ అరా దిగిపోతాయటండీ. అందుకే రోజూ వచ్చి తీసుకుంటారు."

జీవనానికి పీతలు పట్టేవాళ్లు తెల్లవారకముందే పడవ తీస్తారు. ఒక్కొక్కరికి బోన్లు వందల్లో ఉంటాయి. ఆదివారం మాత్రం వర్జీనియాలో ఈ వ్యాపారానికి సెలవు. నీటిమీద తేలే బుడ్డిని కొక్కెంతో అందుకుని, తాడును యంత్రం చక్రానికి తగిలిస్తే బోను పడవ అంచుకు వస్తుంది. పైమూత తీసి తిరగేసి దులపాలి, కొత్త ఎర కూరాలి, మళ్లీ నీళ్లలోకి విసరాలి. ఈలోపు రెండో మనిషి పీతల్ని ఏరుతుంటాడు. మగపీత డొప్ప ఈ ముల్లు కొన నుంచి ఆ ముల్లు కొనకు కనీసం ఐదంగుళాలు ఉండాలి, లేకపోతే నదిలోకే. ఆడా మగా తేడా కడుపుమీది రేకులో తెలుస్తుంది. మగదానికి సన్నగా నిలువుగా, ఈడొచ్చిన ఆడదానికి వెడల్పుగా గుండ్రంగా ఉంటుంది. నదిలో ఎంత ఎగువకు పోతే అన్ని మగపీతలు. ఉప్పు తక్కువైన నీళ్లలో మగవి ఉండిపోతాయి. ఆడది జీవితంలో ఒక్కసారే జతకట్టి, గుడ్లు పొదగడానికి అఖాతం ముఖద్వారం దాకా, ఉప్పునీళ్లకు ప్రయాణం కడుతుంది.

ఆ జతకట్టే వేళ మీద ఇంకో రకం బోను బతుకుతోంది. ఆడపీత ఆఖరిసారి డొప్ప విడిచి మెత్తగా ఉన్నప్పుడే జత కుదురుతుంది. కాబట్టి డొప్ప విడవబోయే ఆడపీతల్ని పట్టాలంటే చేప ఎర దండగ. బతికున్న మగపీతనే లోపల ఉంచుతారు. మగవాణ్ణి ఎరవేసి ఆడవాళ్లను పట్టే వల నేను వేరే ఎక్కడా చూడలేదు! పట్టిన పీత ఇంకెన్నాళ్లకు డొప్ప విడుస్తుందో ఈతకాలి రేకు అంచు చెబుతుంది. తెల్ల గీత కనిపిస్తే సుమారు రెండు వారాలు, గులాబీరంగైతే వారం, ఎర్రబడితే రెండు మూడు రోజులు.

ఈ మెత్తపీతలకు టాంజియర్ దీవి పెట్టింది పేరు. అఖాతం మధ్యలో ఉంది, వంతెన లేదు, పడవెక్కాలి. అక్కడి తొట్లలో పీతల్ని ఉంచి అర్ధరాత్రి కూడా లేచి చూసుకుంటారు. డొప్ప విడిచిన పీతను కొద్ది గంటల్లో నీళ్లలోంచి తీయకపోతే మళ్లీ గట్టిపడటం మొదలవుతుంది. మెత్తగా ఉన్నదాన్ని డెక్కలతో సహా వేయించి తినేస్తారు. మన తీరంలో లెక్క తలకిందులు. మండపీత మెత్తగా ఉంటే ధర పలకదు. కొన్ని వారాలు మేపి, లోపల కండ నిండాక అమ్ముతారు.

లూయిస్ బోనుకు ఒకటే జబ్బు. యజమాని ఉన్నాడో లేడో దానికి తెలియదు. గాలివానకు తాడు తెగినా, పడవ మరచక్రం బుడ్డిని కోసేసినా బోను నది అడుగున తన పని తాను చేస్తూనే ఉంటుంది. చిక్కిన పీత చచ్చి ఎరవుతుంది, దాన్ని తినడానికి ఇంకోటి వస్తుంది. 2008లో పీతల సంఖ్య పడిపోయి, శీతకాలంలో బురదలోంచి పీతల్ని గోకితీసే పద్ధతిని వర్జీనియా ఆపేసింది. పని పోయిన ఆ జాలర్లకే కూలి ఇచ్చి, శబ్దతరంగాలతో అడుగును చూపించే పరికరాలు చేతికిచ్చి, పోయిన బోన్లను వెలికి తీయించింది. కొన్నేళ్లలో 34 వేలకు పైగా తేలాయి. ప్రభుత్వ పథకాల్లో ఇంత పద్ధతైనది అరుదు.

తాబేళ్ల సంగతి ఇంకా బాధ. ఈ కయ్యల్లో ఉండే టెర్రపిన్ తాబేలు ఎర కోసం బోనులో దూరి, ఊపిరికి పైకి రాలేక మునిగి చస్తుంది. దారి మూతికి ఒక చిన్న దీర్ఘచతురస్రపు చట్రం బిగిస్తే పీత పడుతుంది, పెద్ద తాబేలు పట్టదు. మేరీలాండ్‌లో ఇంటిముందు వేసుకునే బోన్లకు అది తప్పనిసరి. ఇంత చవకైన వస్తువును ప్రతి రాష్ట్రమూ తప్పనిసరి చేయకపోవడం నాకు మింగుడుపడదు. మనవాళ్లకు ఒక హెచ్చరిక: వర్జీనియాలో ఇంటి వాడకానికి లైసెన్సు లేకుండా రెండు బోన్లు వేసుకోవచ్చు. మేరీలాండ్‌లో నీటి ఒడ్డున సొంత స్థలం ఉన్నవాళ్లకే ఆ వీలు.

ఏటా శీతకాలంలో అఖాతమంతా తిరిగి పీతల్ని అంచనా వేస్తారు. 1990 నుంచి ఈ లెక్క ఉంది. 2022లో 23 కోట్లలోపే, అప్పటికి అన్నిటికంటే తక్కువ. మరుసటి ఏడాది కోలుకున్నట్టే కోలుకుని 2025లో మళ్లీ 23.8 కోట్లకు దిగింది. కారణాల్లో ఒకటి జెల్లచేప. సరదా వేటకని 1970లలో ఈ నదుల్లో వదిలిన నీలిజెల్ల ఇప్పుడు ఉప్పు కలిసిన నీళ్లకూ అలవాటుపడి పీతపిల్లల్ని తింటోంది. పీతలు తగ్గినా హోటళ్లలో పీతవడలు తగ్గలేదు. ఇండొనేషియా, వియత్నాం, ఇండియా నుంచి డబ్బాల్లో పీతమాంసం దిగుతోంది.

తాజా పీతల్ని ఇక్కడివాళ్లు ఆవిరిమీద ఉడికించి పైన ఓల్డ్ బే మసాలా చల్లుతారు. నాజీల నుంచి తప్పించుకుని బాల్టిమోర్ చేరిన గుస్తావ్ బ్రున్ కలిపిన పొడి అది. బాగుంటుంది, కాదనను. కానీ మనకు పులుసు కావాలి. నీలిపీత డొప్ప మండపీతంత మందం కాదు కాబట్టి పులుసులో రసం తొందరగా దిగుతుంది. చింతపండు కాస్త తగ్గించి పెట్టుకుంటే సరి.

పెద్దాయన ఒక బోను కొని ఊరికి పట్టుకుపోతానన్నారు. కోడలుగారు సూట్‌కేసు కొలతలు గుర్తుచేశారు. మన మండపీత జాతినే ఆస్ట్రేలియాలో బోన్లతో పడతారు గాని, వాటికి మామూలుగా మేడ ఉండదని నేను చెప్పాను.

"అయితే మేడ మనకెందుకులే బాబూ," అన్నారాయన, "మావు చాలుద్ది."