వార్తల్లో పదం: డిస్ట్రో

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్ల సంగతి వచ్చినప్పుడల్లా వినిపిస్తున్న మాట డిస్ట్రో. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి లైనక్స్ కెర్నెల్‌కు డెస్క్‌టాప్, బ్రౌజర్, ఆఫీసు సాఫ్ట్‌వేర్ జోడించి వాడుకకు సిద్ధం చేసిన కూర్పు అది.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నెల్ ఒక్కటే. దాని చుట్టూ అల్లుకున్నవి ఉబుంటు, డెబియన్, మింట్... జాబితా చాలా పెద్దది. ప్రభుత్వ సంస్థ సీడాక్ రూపొందించిన బాస్ మన దేశానిదే. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగు మెనూలతో ఒకటి తెచ్చింది.

చాలా డిస్ట్రోలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాని నుంచే కంప్యూటర్ ఆన్ చేసి, హార్డ్‌డిస్కును ముట్టకుండా చూడొచ్చు. నచ్చితే విండోస్ పక్కనే పెట్టుకోవచ్చు, లేదా విండోస్‌ను తీసేసి దీన్నే ఉంచుకోవచ్చు. ఏదైనా సరే, ముందు ఫైళ్లు వేరేచోట కాపీ చేసుకోవాలి.

బ్రౌజింగ్, ఉత్తరాలు, యూనికోడ్ తెలుగు వరకైతే ఇబ్బంది ఉండదు. టేకులపల్లి లాంటి మండల కేంద్రంలో పెళ్లికార్డులు కొట్టే డీటీపీ షాపుకు మాత్రం అసలు చిక్కు వేరు: పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు టైపింగ్‌కు వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ లైనక్స్ కోసం తయారైనవి కావు. పాత ప్రింటర్, వేలిముద్ర యంత్రం పలుకుతాయో లేదో కూడా పెన్‌డ్రైవ్ మీదున్నప్పుడే చూసుకోవాలి.